అమెరికాకి అప్పుంటే మన రూపాయి పడిపోవడమేంటి? రిజర్వ్ కరెన్సీ లెక్క మొదటినుంచి

డిసెంబరు 2025 మొదటి వారం, రూపాయి మొట్టమొదటిసారి డాలరుకి 90 దాటిన రోజులు. మా బ్యాంకు బ్రాంచిలో ఫారెక్స్ కౌంటర్ దగ్గర గాజువాక నుంచి వచ్చిన ఒక పెద్దాయన విదేశాలకి డబ్బు పంపడానికి నింపే ఎ2 ఫారం సగం నింపి ఆగిపోయారు. అబ్బాయి అమెరికాలో ఎంఎస్, సెమిస్టర్ ఫీజు 12,000 డాలర్లు కట్టాలి. పాస్‌బుక్ వెనక అట్ట మీద బాల్‌పెన్నుతో రోజూ రేటు రాసుకుంటున్నారు, అలా ఓ పదిహేను అంకెలున్నాయి. అబ్బాయి వెళ్లినప్పుడు, అంటే 2024 మధ్యలో, 83.50 ఉంటే ఇదే ఫీజు 10,02,000 అయ్యేది, ఇప్పుడు 90 లెక్కన 10,80,000. ఫీజు ఒక్క డాలరు కూడా పెరగలేదు, ఈయనకి మాత్రం 78,000 పెరిగిపోయింది.

"ఏటి మేడం, అమెరికావోడు అప్పుల్లో ములిగిపోయాడని రోజూ టీవీలో సెప్తన్నారు కదా, మరి పడిపోవాల్సింది ఆడి డాలరు కదేటి, మన రూపాయి పడిపోతందేటి?" అనడిగారు.

ఆయన వెనకే రొయ్యల ఎగుమతి కంపెనీ అకౌంటెంట్ నిలబడున్నాడు. వాళ్లకి డాలర్లు వచ్చి ఎక్స్‌పోర్టర్ల డాలర్ ఖాతాలో ఉన్నాయి, వచ్చే నెలాఖరు లోపు రూపాయల్లోకి మార్చాలి, "మా ఓనరుగారు ఇంకో రెండ్రోజులు ఆగమన్నారండి" అంటున్నాడు. ఒకే కౌంటర్, ఒకే రేటు, ఒకాయనకి గుండె దడ, ఇంకొకతనికి నవ్వాగట్లేదు. పెద్దాయన అడిగింది మాత్రం చాలామంది అడిగే ప్రశ్నే, కౌంటర్లో నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు, అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

రిజర్వ్ కరెన్సీ అని ఎవరు పేరు పెట్టారు

ఎవరూ పెట్టలేదు. ఇదేదో ఐక్యరాజ్యసమితి తీర్మానం చేసి ఇచ్చిన హోదా అనుకుంటారు, కాదు. అన్ని దేశాల సెంట్రల్ బ్యాంకులూ, మన ఆర్‌బీఐ లాంటివి, అవసరానికి పనికొస్తుందని వేరే దేశాల డబ్బు కొంత దాచుకుంటాయి, అదే ఫారెక్స్ నిల్వ. అందులో ఎక్కువమంది ఏ డబ్బు దాచుకుంటే అది రిజర్వ్ కరెన్సీ, అంతే. ఇప్పుడు ప్రపంచం మొత్తం నిల్వల్లో సుమారు 57 శాతం డాలర్లు, 20 శాతం యూరోలు, మిగతాది యెన్ను, పౌండు, ఇంకా చిల్లరమల్లర. చైనా యువాన్ రెండు శాతం దగ్గర్లోనే తిరుగుతోంది. పాతికేళ్ల కింద డాలర్ వాటా 70 శాతం పైనుండేది, అంటే తగ్గింది, కానీ నెమ్మదిగా.

అర్థం కావాలంటే మన వైజాగ్ పూర్ణా మార్కెట్‌కి వెళ్దాం. అక్కడ ఒక పెద్ద హోల్‌సేల్ షావుకారు ఉన్నాడనుకోండి. ఆయన సంతకం పెట్టిన చీటీ చూపిస్తే మార్కెట్లో ఎవరైనా సరుకిచ్చేస్తారు, అంత నమ్మకం. కొన్నాళ్లకి ఏమవుద్దంటే, ఆ చీటీ పట్టుకున్నవాళ్లు ఆయన దగ్గరకెళ్లి డబ్బులు తీసుకోవడం మానేస్తారు, ఎందుకంటే ఉల్లిపాయల వాడికీ అదే ఇవ్వొచ్చు, ఆటో వాడికీ అదే ఇవ్వొచ్చు, రేపటికి దాచుకోవాలన్నా అదే. ఇప్పుడు షావుకారు సరుకు తెచ్చుకోవాలంటే ముందు సంపాదించక్కర్లేదు, చీటీ రాస్తే చాలు. మిగతా మార్కెట్ అంతా ముందు సరుకమ్మి ఆ చీటీ సంపాదించుకోవాలి.

షావుకారు అమెరికా, చీటీ డాలరు. మొదట్లో ఆ చీటీ వెనక బంగారం ఉండేది. 1944లో బ్రెట్టన్ వుడ్స్‌లో 44 దేశాలు కూర్చుని, ఔన్సు బంగారం 35 డాలర్లు, మిగతా కరెన్సీలన్నీ డాలరుకి కట్టేసుకుందాం అనుకున్నాయి. 1971 ఆగస్టు 15న నిక్సన్, ఇక బంగారం ఇవ్వం అని చెప్పేశాడు. అప్పటితో చీటీకి విలువ పోవాలి కదా, పోలేదు. ఎందుకంటే ఆయిలు బేరాలు అందులోనే, ఓడల బేరాలు అందులోనే, పైగా ఎంత పెద్ద మొత్తం తెచ్చినా పెట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వ బాండ్లంత, అంటే ప్రభుత్వం అప్పు తీసుకుని రాసిచ్చే పత్రాలంత, లోతైన మార్కెట్ ఇంకోటి లేదు. అందరూ వాడుతున్నారు కాబట్టి అందరూ వాడుతున్నారు.

లోటు ఒకటే గానీ ఎవరి డబ్బులో అప్పుందన్నదే తేడా

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. లోటు అని రెండిటికి వాడతారు. ప్రభుత్వానికి వచ్చేదానికంటే ఖర్చెక్కువైతే ద్రవ్యలోటు. దేశం మొత్తంగా బయటికి అమ్మేదానికంటే బయటనుంచి కొనేది ఎక్కువైతే కరెంట్ ఖాతా లోటు. రెండూ ఒకటి కాదు, ఒక్కోసారి కలిసి పెరుగుతాయి, ఒక్కోసారి లేదు.

అమెరికా ద్రవ్యలోటు 2024 ఆర్థిక సంవత్సరంలో 1.8 లక్షల కోట్ల డాలర్లు. మొత్తం అప్పు 2025 అక్టోబరుకి 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది. అందులో విదేశాల చేతుల్లో ఉన్నది సుమారు 9 లక్షల కోట్లు, ఒక్క జపాన్ దగ్గరే లక్ష కోట్ల డాలర్ల పైన. అంకెలు చూస్తే కళ్లు తిరుగుతాయి, అయితే అసలు చూడాల్సింది అంకె కాదు, ఆ అప్పు ఏ డబ్బులో ఉందన్నది.

ఒక దేశం 100 కోట్ల డాలర్లు అప్పు తీసుకుందనుకుందాం, ఆ దేశం డబ్బు రూపాయే అనుకోండి, రేటు 75. అంటే 7,500 కోట్ల అప్పు. రేటు 90 అయింది. కొత్తగా పైసా తీసుకోలేదు, అప్పు 9,000 కోట్లైంది. వడ్డీ కూడా అదే లెక్కన పెరుగుద్ది, బడ్జెట్లో లోటు పెరుగుద్ది, అది చూసి బయటివాళ్లు భయపడి ఇంకా డబ్బు తీసుకుపోతారు, దాంతో రేటు ఇంకా పడుద్ది. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పు కట్టలేనని చేతులెత్తేసిన దానికి వేరే కారణాలూ ఉన్నాయి గానీ ఈ సుడిగుండమూ అందులో ఉంది. అదే అమెరికాకి డాలరు విలువ పడిపోయిందనుకోండి, డాలర్ల అప్పు డాలర్లలో అలాగే ఉంటుంది, ఒక్క డాలరు కూడా పెరగదు. నష్టం అప్పిచ్చినవాడిది. 1960ల్లో ఫ్రాన్సు ఆర్థిక మంత్రి జిస్కార్ దెస్తాంగ్ దీన్నే మితిమీరిన వెసులుబాటు అన్నాడు, కడుపుమంటతోనే అన్నాడు గానీ తప్పు కాదు.

మరి మనం? మనది శ్రీలంక దారి కాదు. భారత ప్రభుత్వం అప్పులో చాలా పెద్ద భాగం రూపాయల్లోనే, మన బ్యాంకులు, ఎల్‌ఐసీ, పీఎఫ్ లాంటివాటి దగ్గర తీసుకున్నదే. అంటే రిజర్వ్ కరెన్సీ కాకపోయినా సొంత డబ్బులో అప్పు చేసుకోగలుగుతున్నాం, ఈ తేడా చాలామంది మర్చిపోతారు. కాకపోతే దానికి వెల కడుతున్నాం. 2025-26 కేంద్ర బడ్జెట్లో ప్రతి రూపాయిలో 20 పైసలు వడ్డీలకే.

అయితే రిజర్వ్ కరెన్సీకి వడ్డీ తక్కువ పడుద్దా

ఇక్కడ టీవీలో చెప్పేవాళ్లు తొందరపడతారు. మామూలుగా చెప్పే మాట: అందరూ డాలర్ బాండ్లకి ఎగబడతారు, బాండు ధర పెరుగుద్ది, బాండు మీద వచ్చే వడ్డీ మొత్తం ముందే ఖాయం కాబట్టి ధర పెరిగితే వడ్డీ శాతం తగ్గినట్టే, అందుకే అమెరికాకి చౌకగా అప్పు పుడుద్ది. నిజమే, కానీ అలాగైతే పదేళ్ల బాండుకి అమెరికా 4 శాతం పైన ఎందుకు కడుతోంది, స్విట్జర్లాండ్ ఒక శాతం కూడా కట్టకుండా ఎలా తీసుకుంటోంది? స్విస్ ఫ్రాంక్ ప్రపంచ నిల్వల్లో లెక్కలోకే రాదే.

ఎందుకంటే ఒక దేశం వడ్డీ రేటుని నిర్ణయించేది ముందుగా అక్కడి ధరల పెరుగుదల, అక్కడి ఆర్థిక వేగం, అక్కడి సెంట్రల్ బ్యాంకు. రిజర్వ్ హోదా ఇచ్చేది దానిమీద తగ్గింపు మాత్రమే. చీరల షాపులో 20 శాతం డిస్కౌంట్ అన్నంత మాత్రాన పట్టుచీర నూలుచీర కంటే చవకైపోదు కదా, అలాగ. ఆ తగ్గింపు ఎంతని లెక్కలేసినవాళ్లలో చాలామంది అర శాతం అటూఇటూ అంటారు. వినడానికి చిన్నదే, కానీ ప్రభుత్వ శాఖల మధ్య అప్పులు తీసేస్తే బయట మిగిలే 30 లక్షల కోట్ల డాలర్ల మీద అర శాతమంటే ఏడాదికి 15,000 కోట్ల డాలర్లు.

ఈ తగ్గింపు శాశ్వతమూ కాదు. పౌండు కూడా రిజర్వ్ కరెన్సీయే, ఐదు శాతం దాకా ఉంది. 2022 సెప్టెంబరు 23న బ్రిటన్‌లో లిజ్ ట్రస్ ప్రభుత్వం డబ్బెక్కడిదో చెప్పకుండా పన్నులు తగ్గిస్తాం అని ప్రకటించింది, మూడు రోజుల్లో పౌండు 1.03 డాలర్ల దాకా జారిపోయింది, ప్రభుత్వ బాండ్ల వడ్డీ పైకి ఎగిరింది, ఆఖరికి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండే బాండ్లు కొని ఆపాల్సొచ్చింది.

మన తాతలు లండన్‌కి ఇచ్చిన అప్పు

డాలర్ కంటే ముందు ఈ కుర్చీలో కూర్చున్నది పౌండే, అప్పుడు చీటీ పట్టుకుని నిలబడ్డవాళ్లం మనమే, ఈ కథ మన పుస్తకాల్లో పెద్దగా ఉండదు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద బాంబులేశాయని మన పెద్దవాళ్లు చెప్పేవారు, ఊరు ఊరంతా ఖాళీ అయిపోయిందట. ఆ యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో బట్ట, ధాన్యం, తోలు, ఉక్కు అన్నీ కొంది. దానికి డబ్బెలా ఇచ్చింది? లండన్‌లో ఆర్‌బీఐ పేరు మీద పౌండ్లు జమ రాసింది. ఆ పౌండ్లని ఆస్తిగా చూపించి ఆర్‌బీఐ ఇక్కడ రూపాయి నోట్లు అచ్చేసి సరుకిచ్చినవాళ్లకి ఇచ్చింది. సరుకు ఓడెక్కి వెళ్లిపోయింది, నోట్లు ఇక్కడ మిగిలాయి. సరుకు తక్కువ, నోట్లు ఎక్కువ, ధరలు మండిపోయాయి. 1943 బెంగాల్ కరువుకి కారణాలు చాలా, ఈ ధరల మంట వాటిలో ఒకటి. షావుకారు రాసిన చీటీ భారం మార్కెట్లో కూలివాడి మీద పడటమంటే ఇదే.

యుద్ధమయ్యేసరికి బ్రిటన్ మనకి సుమారు 130 కోట్ల పౌండ్లు బాకీ. ఎప్పుడూ అప్పుల్లో ఉండే దేశం ఒక్కసారిగా అప్పిచ్చిన దేశమైపోయింది, కాగితం మీద. తీసుకుందామంటే ఒకేసారి ఇవ్వం, వాయిదాల్లో అన్నారు. అందులో కొంత 1948 ఒప్పందంలో ఇక్కడ పనిచేసి వెళ్లిపోయిన బ్రిటిష్ అధికారుల పెన్షన్లకే సరిపెట్టారు. 1949లో పౌండు విలువ 4.03 డాలర్ల నుంచి 2.80కి దించేశారు, మిగిలిన నిల్వకి డాలర్లలో ఆ మేరకు విలువ పోయింది. రూపాయినీ దాంతోపాటే దించాం.

ఒక రొయ్యల కంటైనర్ అమెరికా బాండు ఎలా అవుద్ది

ఇప్పుడు మన అకౌంటెంట్ దగ్గరకొద్దాం. లెక్క సులువుగా ఉండటానికి వాళ్లకి వచ్చింది లక్ష డాలర్లు, రేటు 90 అనుకుందాం. వాళ్లు మా బ్యాంకుకి అమ్మితే 90 లక్షల రూపాయలిస్తాం. మార్కెట్లో డాలర్లు ఎక్కువైన రోజున, రూపాయి మరీ బలపడిపోకుండా ఆర్‌బీఐ కొంటుంది. అంటే ఆర్‌బీఐ లక్ష డాలర్లు తీసుకుని బ్యాంకులకి 90 లక్షలు కొత్త రూపాయలు ఇచ్చింది. ఆ డాలర్లని పెట్టెలో పెట్టదు, అందులో చాలావరకు అమెరికా ప్రభుత్వ బాండ్లు కొంటుంది. అలా అచ్యుతాపురం దగ్గర ఎక్కడో చెరువులో పెరిగిన రొయ్య వాషింగ్టన్ లోటు పూడ్చే అప్పుగా మారిపోయింది.

దీనికి ఖర్చుంది. బాండు మీద 4 శాతం అంటే ఏడాదికి 4,000 డాలర్లు, మన లెక్కలో 3.60 లక్షలు. కానీ ఆ కొత్త 90 లక్షలు బయట తిరిగితే ధరలు పెరుగుతాయని, ఆర్‌బీఐ తన దగ్గరున్న భారత ప్రభుత్వ బాండ్లు అమ్మి ఆ రూపాయలు వెనక్కి తీసేసుకుందనుకోండి, 6.5 శాతం లెక్కన 5.85 లక్షల వడ్డీ వదులుకున్నట్టు. తేడా ఏడాదికి 2.25 లక్షలు. 2025 డిసెంబరులో మన మొత్తం నిల్వ 69,000 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉండేది కాబట్టి ఎంత పెద్ద లెక్కో మీరే వేసుకోండి.

ఇంత నష్టానికి ఎందుకు దాచుకోవడం? 1991 గుర్తున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. నిల్వ రెండు మూడు వారాల దిగుమతులకి సరిపోయేంత మిగిలితే 47 టన్నుల బంగారం ఇంగ్లాండ్, జపాన్ సెంట్రల్ బ్యాంకులకి తాకట్టు పెట్టి డాలర్లు తెచ్చుకున్నాం. ఆ 2.25 లక్షలు ఇన్సూరెన్స్ ప్రీమియం అనుకోవాలి. ప్రీమియం ఎక్కువైందని వాదించేవాళ్లూ ఉన్నారు, ఆ డబ్బుతో ఇక్కడే రోడ్లేసుకోవచ్చుగా అంటారు. నాకు మాత్రం 91 చూశాక ఆ వాదన గొంతు దిగదు.

ఇందులో మన ప్రభుత్వ లోటుకి కూడా ఒక తీపి ముక్క ఉంది. ఆర్‌బీఐ డాలర్లు పాత ధరకి, సగటున చాలా తక్కువకి కొని పెట్టుకుంది. రూపాయి పడుతున్నప్పుడు 85కో 86కో అమ్మితే ఆ తేడా లాభం. ఆ లాభం, విదేశీ బాండ్ల వడ్డీ, ఇక్కడి బాండ్ల వడ్డీ అన్నీ కలిపి ఖర్చులు పోగా మిగిలింది కేంద్రానికి డివిడెండ్. 2025 మేలో ఆర్‌బీఐ ప్రకటించింది 2.69 లక్షల కోట్లు, ఆ ఏడాది ద్రవ్యలోటు అంచనా 15.69 లక్షల కోట్లలో ఆరో వంతుకి సమానం. రూపాయి పడితే ఆయిలు బిల్లు పెరుగుద్ది, స్టీల్ ప్లాంట్ ఆస్ట్రేలియా నుంచి తెచ్చుకునే కోకింగ్ కోల్ టన్ను 200 డాలర్లు అనుకుంటే, రేటు 83.50 నుంచి 90 అయ్యేసరికి 16,700 నుంచి 18,000 అయిపోద్ది, కానీ ఢిల్లీలో లోటు కొంచెం తగ్గినట్టు కనబడుద్ది. విచిత్రంగా ఉంది కదా, ఉంటుంది.

వడ్డీ అక్కడ తిప్పితే చప్పుడు ఇక్కడ

2013 మే 22న అమెరికా సెంట్రల్ బ్యాంకు ఫెడ్ ఛైర్మన్ బెర్నాంకీ, నెలనెలా బాండ్లు కొనడం ముందుముందు తగ్గిస్తామేమో అని మాత్రమే అన్నాడు. తగ్గించలేదు, తగ్గిస్తామేమో. అక్కడ బాండ్ల వడ్డీ పెరిగింది, ఇక్కడ పెట్టిన డబ్బు అటు పరిగెత్తింది, 55 దగ్గరున్న రూపాయి ఆగస్టు చివరికి 68 దాటింది. మన ఆర్థిక వ్యవస్థ అప్పటికే నీరసంగా ఉంది, వడ్డీ తగ్గించాల్సిన టైములో రూపాయిని కాపాడ్డానికి ఆర్‌బీఐ బ్యాంకులకిచ్చే అత్యవసర అప్పు రేటుని ఒకేసారి రెండు శాతం పెంచి 10.25 చేసింది. తర్వాత ఎన్‌ఆర్‌ఐ డాలర్ డిపాజిట్లు తెప్పించి ఒడ్డున పడ్డాం.

మళ్లీ 2022 మార్చి నుంచి 2023 జులై లోపు ఫెడ్ రేటు సున్నా దగ్గర్నుంచి 5.25-5.50కి వెళ్లింది. ఈసారి నిల్వ బాగా ఉంది కాబట్టి దెబ్బ తక్కువ తగిలింది. కాకపోతే నిల్వ వాడటానికీ ఖర్చుంది: ఆర్‌బీఐ డాలర్లు అమ్మితే రూపాయలు వ్యవస్థలోంచి వెనక్కి పోతాయి, బ్యాంకుల దగ్గర డబ్బు బిగుసుకుంటుంది, బ్యాంకులు ఒక్క రాత్రికి ఒకదానికొకటి ఇచ్చుకునే ఓవర్‌నైట్ అప్పు మీద వడ్డీ పెరుగుద్ది. 2025 మొదట్లో అదే జరిగి ఆర్‌బీఐ ఒకపక్క డాలర్లు అమ్ముతూ ఇంకోపక్క బాండ్లు కొని, డాలర్ స్వాప్‌లు, అంటే ఇప్పుడు డాలర్లు తీసుకుని రూపాయలిచ్చి తర్వాత తిరిగి మార్చుకునే ఒప్పందాలు, చేసి రూపాయలు లోపలికి పంపాల్సొచ్చింది. మీ హోమ్‌లోన్ ఈఎంఐ తగ్గడానికి టైము పట్టడం వెనక ఇలాంటివి కూడా ఉంటాయి.

వరమా, గుదిబండా

అమెరికాలోనే ఇది గుదిబండ అనేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటా వినాలి. ప్రపంచమంతా డాలర్ ఆస్తులే కొంటుంటే డాలర్ ఉండాల్సినదానికంటే బలంగా ఉంటుంది, బలంగా ఉంటే వాళ్ల సరుకు బయట ఖరీదు, బయటి సరుకు వాళ్లకి చవక, ఫ్యాక్టరీలు మూతపడతాయి. మైకేల్ పెటిస్ లాంటి ఆర్థికవేత్తలు ఇంకో అడుగు వేసి, ఇతర దేశాల మిగులు డబ్బంతా అమెరికాలోకి వచ్చి పడుతుంటే కరెంట్ ఖాతా లోటు తప్పదు, ఎందుకంటే లెక్కల్లో లోపలికొచ్చే పెట్టుబడీ, అమ్మేదానికంటే ఎక్కువ కొన్న ఆ లోటూ తూగాలి, కాబట్టి లాభం వాల్ స్ట్రీట్ ఫైనాన్స్ కంపెనీలకి, నష్టం కార్మికుడికి అంటారు. బంగారం రోజుల్లోనే, 1960లో, రాబర్ట్ ట్రిఫిన్ అనే ఆర్థికవేత్త ఇంకో చిక్కు చెప్పాడు: ప్రపంచానికి చీటీలు కావాలంటే షావుకారు అప్పు చేస్తూనే ఉండాలి, అప్పు ఎక్కువైతే చీటీ మీద నమ్మకం పోతుంది.

దీనికి ఎదురుమాట కూడా గట్టిదే. యూరో రెండో పెద్ద రిజర్వ్ కరెన్సీ, అయినా యూరో దేశాలు కలిపి గత దశాబ్దంలో ఎక్కువ ఏళ్లు మిగులులోనే ఉన్నాయి. అంటే రిజర్వ్ హోదా ఉంటే లోటు తప్పదన్నది చట్టమేం కాదు. అమెరికా ప్రభుత్వం పన్నులు తక్కువ వేసి ఖర్చెక్కువ పెట్టడం వాళ్ల ఇష్టంతో జరుగుతున్నది, డాలర్ హోదా దాన్ని సుఖంగా చేసుకోనిచ్చింది. నాకు ఈ రెండో మాటే ఎక్కువ నిజమనిపిస్తుంది, ఫ్యాక్టరీ పోయిన ఊళ్లో ఉన్నవాడికి అది ఓదార్పు కాకపోయినా.

మరి పెద్దాయన ప్రశ్న

నిజానికి ఆయన అన్నట్టు డాలర్ కూడా పడింది. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ టారిఫ్‌లు ప్రకటించాక డాలర్ పడిపోతూ అమెరికా బాండ్ల వడ్డీ పెరిగింది, ఇది మామూలు కాదు. 2008లో సంక్షోభం అమెరికాలోనే పుట్టినా అందరూ డాలర్లోకే పరిగెత్తారు. ఈసారి కొంతమంది బయటికి నడిచారు, ఆ ఏడాది మొదటి ఆరు నెలల్లో పెద్ద కరెన్సీల మీద డాలర్ సుమారు 10 శాతం తగ్గింది. 2022లో రష్యా నిల్వల్లో 30,000 కోట్ల డాలర్ల దాకా స్తంభింపజేశాక సెంట్రల్ బ్యాంకులు బంగారం మీద పడ్డాయి, వరసగా మూడేళ్లు ఏటా వెయ్యి టన్నుల పైన కొన్నాయి.

కానీ రూపాయి రేటు ముంబై మార్కెట్లో తేలుతుంది, అక్కడ ఆ రోజు డాలర్లు కావాల్సినవాళ్లెందరు, తెచ్చినవాళ్లెందరు అన్నదే లెక్క. యూరో మీద డాలర్ తగ్గిందా లేదా అన్నది పక్క వీధి గొడవ. 2025లో విదేశీ ఇన్వెస్టర్లు మన షేర్లు అమ్ముకుని వెళ్లారు, ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం చేసింది, అందులో మన రొయ్యలూ ఉన్నాయి, ఆయిలూ బంగారం దిగుమతులు ఆగవు, ఆర్‌బీఐ కూడా ఫలానా అంకె దగ్గర నిలబెడతానని కూర్చోలేదు. డాలర్ బలహీనపడింది, రూపాయి అంతకంటే బలహీనపడింది.

ఇదంతా ఆయనకి సగమే చెప్పగలిగాను, వెనక లైను పెరిగిపోయింది. రొయ్యల అకౌంటెంట్ కుర్రాడు కలగజేసుకుని "మాకూ పూర్తి లాభం ఏమీ లేదు మావయ్యా, రేటు కలిసొచ్చింది గానీ సుంకం వల్ల ఆర్డర్లే తగ్గిపోయాయి" అన్నాడు. పెద్దాయన పాస్‌బుక్ తిప్పి ఆ పదిహేను అంకెలు ఇంకోసారి చూసుకుని, ఆరు వేల డాలర్లు ఇవాళ పంపేయమన్నారు, మిగతా ఆరు వేలు వచ్చే వారం చూద్దామని. తర్వాత పదహారో అంకె కూడా రాసుకున్నారు.